అమ్మాయి బటన్

మా ఆఫీసు ప్రింటర్ కాగితం బయటికి తోసే ముందు ఒకసారి ముక్కు ఎగబీల్చినట్టు చప్పుడు చేసేది. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే అందరికీ ఉన్న జబ్బే దానికీ పట్టుకుందని మేం నవ్వుకునేవాళ్ళం. గుంటూరు దాటి నరసరావుపేట వైపు వెళ్ళే రోడ్డు పక్కన వరసగా ఉండే కోల్డ్ స్టోరేజీల్లో మాదొకటి. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా రైతులు మిరపకాయల టిక్కీలు తెచ్చి దించుతూనే ఉంటారు. ఆ గోతాల్లోంచి లేచే కారపు కోరు సరుకు దించే ప్లాట్‌ఫారం దాటి ఆఫీసు గదిలోకి వచ్చేస్తుంది. మనుషులం తుమ్ముతాం, దగ్గుతాం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాం. ప్రింటర్‌కు ఆ వీలు లేదు. ఎర్రటి నుసి దాని రోలర్ల మధ్య చేరి, తెల్ల కాగితం అంచున సన్నటి గీతగా బయటికొచ్చేది.

అక్కడ కంప్యూటర్ పని నాది. రైతు సరుకు దించగానే అతని ఆధార్, పాసు పుస్తకం, కౌలుదారైతే కౌలు కాగితం స్కాన్ చేసుకుని, సరుకు మా దగ్గర ఉన్నట్టు బాండ్ తీసి ఇవ్వాలి. ఆ ఉద్యోగం నాకు పేపర్లో చూసి పెట్టుకుంటే వచ్చింది కాదు. పొన్నూరు దగ్గర మా అత్తయ్య పుట్టిన ఊరి అమ్మాయి ఒకతె అంతకు ముందు అదే కుర్చీలో కూర్చునేది. వరసకు అత్తయ్యకు చెల్లెలి కూతురు. కాన్పు దగ్గరపడి మానేస్తూ, "పెద్దమ్మా, మీ కోడలు కంప్యూటర్లు చదివింది కదా, పంపించు" అంది. అప్పటికి మా పాపకు ఏడాది దాటి మూడు నెలలు. పాపను అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళాను. మొదటి వారం రోజూ బస్టాపు దాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానా లేదా అని వెనక్కి వచ్చి చూసుకునేదాన్ని. ఇప్పటికీ నాకా అలవాటు పోలేదు.

ఆఫీసులో మేనేజరు ఒకాయన ఉన్నారు. అరవై దాటాయి. హమాలీల నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరూ ఆయన్ని బాబాయి గారూ అనే పిలుస్తారు. ప్రింటర్ కొత్తగా వచ్చినప్పుడు దాని తెర మీద బటన్లు ఆయనే పెట్టించారట. యజమానికి పంపే కాగితాలకు 'పెద్దాయన' అని ఒకటి, తనకు 'బాబాయి' అని ఒకటి, కంప్యూటర్ దగ్గర కూర్చునే మనిషికి 'అమ్మాయి' అని ఒకటి. మూడూ ఇంగ్లీషు అక్షరాల్లో. చేరిన రోజు నాకు ఆయనే నేర్పారు.

"ఇదిగో అమ్మాయ్, కాగితం ఈ అద్దం మీద పెట్టు. మూత వెయ్యి. బటన్ నొక్కు. నీ కంప్యూటర్లోకి దూకుద్ది."

"ఏ బటన్ బాబాయి గారూ?"

"అమ్మాయి బటన్. నువ్వు అమ్మాయివి కాదూ?"

నొక్కాను. నా కంప్యూటర్లోకి దూకింది. ఇంకేం చూస్తాను? ఇంట్లో అత్తయ్య నన్ను అమ్మాయ్ అనే పిలుస్తుంది. ఆఫీసులో కూడా అదే పిలుపు. ఆ మాట నాది కాదేమో అన్న అనుమానం ఏడాది పైన రెండు నెలల పాటు నాకు రాలేదు.

పాప సంగతి చెప్పాలి. రెండేళ్ళు నిండినా మాట సరిగా రాలేదు. వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. కుక్కర్ విజిల్ వేస్తే మా వంక చూసి, మేం చూసిన వైపు చూసేది. "మీ ఆయనకూ మూడేళ్ళకే మాటలొచ్చాయి" అనేది అత్తయ్య. నేను అలాగే సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు పాప వెనక నిలబడి స్టీలు పళ్ళెం కింద పడేశాను, కావాలనే. పాప బొమ్మ జుట్టు నిమురుతూనే ఉంది. ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను. గుంటూరులో పరీక్ష చేయించాం. పిల్లను నిద్రపుచ్చి, తల మీద వైర్లు అంటించి చేసే పరీక్ష. రెండు పేజీల రిపోర్టు చేతికిచ్చారు. రెండు చెవుల్లోనూ వినికిడి సగానికి పైగా లేదని, త్వరగా చెవి మెషిన్లు పెడితే మాటలు నేర్చుకుంటుందని అందులో ఉంది.

"మంగళగిరిలో పెద్ద డాక్టరు కూడా చూశాక అమ్మకు చెబుదాం" అన్నారు మా ఆయన. నేను సరేనన్నాను. నా కారణం వేరు.

అత్తయ్యకు తోడబుట్టిన చెల్లెలు ఒకామె ఉండేది. నేను కాపురానికి రాకముందే పోయింది. ఆమెకు పుట్టుకతో వినపడదు. ఒకసారి, ఒకే ఒక్కసారి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అత్తయ్య ఆమె సంగతి చెప్పింది. ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరట. వాళ్ళింటి చెవిటిది అనేవాళ్ళట. పెళ్ళి పిలుపులకు వచ్చి, "మీ చెవిటిదాన్ని కూడా తీసుకురండి" అని ప్రేమగానే అనేవాళ్ళట. ఆమె పోయిన రోజు అత్తయ్యకు అందిన కబురు కూడా, "చెవిటిది పోయిందంట" అనే. అది చెప్పి అత్తయ్య మిగతా కాయలకు చకచకా ఈనెలు తీసింది.

అందుకే నేను ఒక్కటే కోరుకున్నాను. ఆ మాట నాకంటే ముందు మా ఇంట్లో అడుగుపెట్టకూడదు. డాక్టరు ఏం చేయాలో చెప్పాక, మెషిన్లు ఎప్పుడొస్తాయో తెలిశాక, నేనే అత్తయ్య పక్కన కూర్చుని, ఆ మాట వాడకుండా, నా మాటల్లో చెప్పాలి. ఎవరో ఫోన్ చేసి, "మీ మనవరాలికి చెవుడంట కదా" అని అడగడం ఆమె వినకూడదు.

మంగళగిరి డాక్టరు గారి దగ్గర పనిచేసే ఆవిడ, రిపోర్టు ముందుగా పంపమన్నారు. ఫోన్లో ఫొటో తీసి పంపితే ఆ గీతలు సరిగా కనపడలేదన్నారు. మర్నాడు ఆఫీసులో అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, బాబాయి గారు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నప్పుడు, రెండు పేజీలూ అద్దం మీద పెట్టి అమ్మాయి బటన్ నొక్కాను. కంప్యూటర్లోంచి డాక్టరు గారికి పంపాను. తర్వాత ఆ ఫైలు చెరిపేశాను. చెరిపేసినవి దాక్కునే చోటుకు కూడా వెళ్ళి అక్కడా చెరిపేశాను. అద్దం మీద కాగితం మర్చిపోలేదు కదా అని మూడుసార్లు మూత ఎత్తి చూశాను. నా జాగ్రత్తకు నేనే మురిసిపోయి అన్నం తిన్నాను.

సరిగ్గా పన్నెండు రోజులకు మెకానిక్ వచ్చాడు.

కాగితాల మీద గీతలు ఎక్కువయ్యాయని పెద్దాయన పాత ప్రింటర్ ఇచ్చి కొత్తది తీసుకోవడానికి ఒప్పుకున్నారు. పాతదాన్ని చూసి రాసుకెళ్ళడానికి డీలరు పంపిన మనిషి అతను. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ప్రింటర్ పక్కన అతికించిన చీటీ చూసి ఆగిపోయాడు. దాని పాస్‌వర్డు బాబాయి గారు గుండ్రటి అక్షరాలతో ఆ చీటీ మీద రాసి అంటించారు. దసరాకు మెషిన్లకు పూజ చేసినప్పుడు పెట్టిన కుంకుమ బొట్టు దాని మీదే ఉంది.

"పాస్‌వర్డుకు బొట్టు కూడా పెట్టారేంటి బాబాయి గారూ?"

"మర్చిపోకుండా ఉంటుందని. ఎవరన్నా వచ్చి అడిగితే నేను లేనప్పుడు ఇబ్బంది కదా."

"ఎవరన్నా వస్తే ఇబ్బంది పడాలనే పెడతారండీ అది." అతను తెర మీద ఏదో నొక్కాడు. "ఇదేంటి, అప్‌డేట్ చేయమని ఇది ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటోంది? ప్రతిసారీ 'తర్వాత' అని నొక్కారు."

నేను తల దించుకున్నాను. ఆ నొక్కింది నేనే. పొద్దున్నే రైతులు వరసలో నిలబడి ఉంటారు. ఆ మెషిన్ అరగంట ఆగిపోతే ఎలా అనుకునేదాన్ని.

"నడిచేదాన్ని కెలకడం ఎందుకని" అన్నారు బాబాయి గారు.

"ఇంటి గడియ ఊడిందయ్యా అని అది చెబుతోంది. ఇల్లు నిలబడే ఉందిగా అంటున్నారు మీరు" అన్నాడతను. కోపం లేదు, మొత్తం జిల్లాలో అదే మాట విని అలసిపోయిన గొంతు. తర్వాత నా వైపు తిరిగాడు. "మేడమ్, దీంట్లో డిస్కు ఉంటుంది, తెలుసా? అద్దం మీద పెట్టిన ప్రతి కాగితం ఒకసారి బొమ్మ తీసి లోపల పెట్టుకుంటుంది. రేపు ఎల్లుండిలో ఇది మా గోడౌన్‌కి వస్తుంది. అక్కడి నుంచి ఎవరు కొనుక్కెళతారో నాకూ తెలియదు. చూడండి."

తెర మీద జాబితా తెరిచాడు. వేలితో పైకి తోస్తుంటే ఆగడం లేదు. ఆధార్ కార్డులు. రైతుల మొహాలు, వేలిముద్రలు. అక్కడితో అయిపోలేదు. మా ఆఫీసు ప్రింటర్ మా ఒక్కళ్ళదే కాదని నాకు అప్పుడు తెలిసింది. హమాలీల మేస్త్రి కూతురి హాల్ టికెట్. వాచ్‌మన్ షుగరు పరీక్ష. టీ కొట్టు ఆవిడ రేషన్ కార్డు. ఎవరో భార్యాభర్తల కోర్టు కాగితం. ఒక కౌలు రైతు తల్లి ఎక్స్‌రే చీటీ. అడిగితే కాదనకుండా తీసి ఇచ్చాం అందరికీ. వాళ్ళు కాగితం వెనక్కి తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళారు. తమ కాగితం తమ దగ్గరే ఉందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

నేను పంపిన రెండు పేజీలు ఆ వరసలో వచ్చాయి. చిన్న బొమ్మలో కూడా గీతలు గుర్తుపట్టాను.

"ఇది... ఇది ఎవరికి వెళ్ళిందో చూపిస్తుందా అండీ?"

అతను దాని మీద నొక్కాడు. కింద రెండు వరసలు వచ్చాయి. మొదటిది నా కంప్యూటర్. రెండోది ఒక మెయిల్. నాది కాదు. మొదట్లో ఉన్న పేరు చదివాను. నాకంటే ముందు అదే కుర్చీలో కూర్చున్న అమ్మాయిది.

బాబాయి గారు అమ్మాయి బటన్ పెట్టించినప్పుడు ఆ అమ్మాయి మెయిల్ కూడా దానికి తగిలించారన్నమాట. ఆమె వెళ్ళిపోయింది. నేను వచ్చాను. బటన్ మీద పేరు మార్చాల్సిన పని లేకపోయింది. అమ్మాయి పోయి అమ్మాయి వచ్చింది. అంతే.

ప్లాట్‌ఫారం మీదకు నడిచాను. ఆ పిల్ల వారానికొకసారి అత్తయ్యతో మాట్లాడుతుంది. పొన్నూరు వైపు పుట్టినవి, చచ్చినవి, కోతకొచ్చినవి అన్నీ ఆ ఫోన్లోనే మా ఇంటికి చేరతాయి. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నమంతా బాండ్ల మీద తేదీలు తప్పు కొట్టాను. ఒక ముసలి రైతు తన బాండ్ చూసి, "అమ్మా, నా సరుకు ఇంకా రెండు నెలలకు గానీ రాదా?" అని అడిగాడు. మళ్ళీ తీసి ఇచ్చాను.

నాలుగింటికి ఆమె చేసింది.

"వదినా, ఇప్పుడే చూశా. మావాడు ఫోన్ వదలట్లేదు. పెద్దమ్మ బాగుందా?"

"బాగున్నారు. నీకు మన ఆఫీసు నుంచి మెయిల్స్ ఏమైనా వస్తున్నాయా?"

పకపకా నవ్వింది. "ఏమైనానా? నా మెయిల్ నిండిపోయిందని ఫోన్ రోజూ ఏడుస్తోంది వదినా. రైతులందరి ఆధార్లూ నా దగ్గరే ఉన్నాయి. ఇంట్లోనే ఎమ్మార్వో ఆఫీసు పెట్టుకో అంటాడు మా ఆయన."

"మరి చెప్పలేదేం?"

"చెప్పకపోవడమేంటి! బాబాయి గారికి రెండుసార్లు చెప్పా. అమ్మాయి బటన్ నొక్కితే నాకొస్తోందండీ అన్నా. అమ్మాయి బటన్ నొక్కితే అమ్మాయికి కాక ఎవరికొస్తుంది అమ్మాయ్ అన్నాడు. ఇంకేం చెప్పను?"

నాకు నవ్వు రాలేదు. "పన్నెండు రోజుల కింద ఒకటి వచ్చి ఉంటుంది. రెండు పేజీలు."

అవతల పిల్లాడు ఏదో డబ్బా కొడుతున్నాడు.

"వచ్చింది వదినా."

"తెరిచావా?"

"మామూలుగా తెరవను. ఎవరివో కార్డులు నాకెందుకు? కానీ పైన మీ ఇంటిపేరు కనపడింది. తెరిచా. తెరవకుండా ఉండాల్సింది." గొంతు తగ్గించింది. "పోయిన ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసింది. అరగంట మాట్లాడింది. పాప ఎలా ఉందని అడగబోయి ఆగా. అడిగితే నా గొంతులో తెలిసిపోద్దేమోనని, గోంగూర పచ్చడి ఎన్నాళ్ళు నిలవుంటుందో అడిగా. నాకేమో పచ్చడి పెట్టడం పెద్దమ్మే నేర్పింది. 'ఏమే, మర్చిపోయావా' అని తిట్టింది కూడా."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"పెద్దమ్మకు నేను చెప్పలేదు వదినా. మా ఇంట్లో కూడా చెప్పలేదు. అది నీ నోటి నుంచి రావాల్సిన మాట. నేనెవర్ని? కానీ ఆలస్యం చేయకు. ఫోన్ చేసినప్పుడల్లా గోంగూర సంగతి ఎన్నిసార్లు అడగను?"

లైన్లో ఉండగానే దాన్ని తీసేసింది. చెత్తబుట్టలోంచి కూడా తీసేయమన్నాను. "తీసేశా" అంది. మిగతా రైతుల కాగితాలు కూడా ఆ సాయంత్రమే కూర్చుని తీసేస్తానని మాటిచ్చింది. నా అంత చదువుకోలేదు ఆ పిల్ల. ఏడాది పైగా వేలమంది కాగితాలు ఆమె ఫోన్లో పడి ఉన్నాయి. ఒక్కటి కూడా బయటికి పోలేదు. పోకుండా కాపాడింది పాస్‌వర్డు కాదు.

బస్సులో ఇంటికి వెళుతూ మాటలు కూర్చుకున్నాను. వినికిడి కొంచెం తక్కువట. చిన్న మెషిన్లు పెడతారట. డాక్టరు గారు ధైర్యం చెప్పారట. ప్రతి వాక్యం చివర 'ట' పెడితే అది ఎవరిదో సంగతిలా ఉంటుందని అనిపించింది.

వెళ్ళేసరికి అత్తయ్య చెక్క మంచం మీద కూర్చుని పాపకు అన్నం పెడుతోంది. పాప మంచం ఆ చివర గోడ వైపు తిరిగి బొమ్మతో ఉంది. అత్తయ్య మంచం పట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. పాప తిరిగి నోరు తెరిచింది. ఆ చప్పుడు నాకు కొన్నాళ్ళుగా చిరాకు. కింద ఇంటావిడ కూడా ఒకసారి మెట్లెక్కి వచ్చి, "మా నెత్తిమీద ఏం దంచుతున్నారండీ?" అని అడిగింది. నోరు పెట్టి పిలవచ్చు కదా అని నేను మనసులో చాలాసార్లు విసుక్కున్నాను.

"అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి."

"చెప్పు. ముందు చెప్పులు విప్పు."

విప్పి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ప్రింటర్ దగ్గర మొదలుపెట్టాను. దానికి డిస్కు ఉంటుందని చెప్పాను. బాబాయి గారి బటన్ల గురించి చెప్పాను. మెకానిక్ గురించి, రెండు వరసల గురించి, మెయిల్ గురించి చెప్పాను. చివరికి, పాప పరీక్ష కాగితం అందులో ఉందన్నాను. అత్తయ్య చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఉండు" అంది. "అంటే పాప సంగతి నువ్వు ముందు మిషనుకు చెప్పావు. మిషను పోయి మా ఊరి పిల్లకు చెప్పింది. ఆ తర్వాత నాకు చెబుతున్నావు. నేను మూడోదాన్నా?"

"మధ్యలో మంగళగిరి డాక్టరు గారు కూడా ఉన్నారు అత్తయ్యా" అన్నాను. అలాంటి సమయంలో లెక్క సరిచేయడం నాకే చేతనవును.

అత్తయ్య నా వంక చూసింది. ఏడుస్తుందో కొడుతుందో తెలియలేదు. "ఈ పట్టె ఎందుకు కొడుతున్నాననుకున్నావు? నాకు చేతులు తీటా?"

నేను పాప వంక చూశాను. పట్టె వంక చూశాను.

"మా చెల్లిని ఇంట్లో ఇట్టాగే పిలిచేవాళ్ళం. మంచం మీద ఉంటే మంచం, బల్ల దగ్గరుంటే బల్ల. చెక్క అదిరితే దానికి తెలిసేది, టక్కున తిరిగేది. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా, ఇంట్లో మాకు అది పిలిస్తే పలికే మనిషే." ముద్ద పాప నోట్లో పెట్టింది. "శ్రావణం నుంచి చూస్తున్నా నేను."

"మరి నాతో ఎందుకు అనలేదు అత్తయ్యా?"

"ఏమని అనను? ఆ మాట నేను ముందు అంటానా? తల్లివి నువ్వు. నువ్వు చెప్పేదాకా ఉన్నా." చెయ్యి కడుక్కోవడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "ఆ కాగితం ఇంకా ఆ మిషన్లోనే ఉందా?"

"ఉంది."

"ఎవరెవరి ఇళ్ళకో పోద్దా?"

"పోనివ్వను."

"నాకొక కాగితం తెచ్చియ్యి. మిషన్లో కాదు, నా పెట్టెలో ఉంటది."

మూడో రోజు పొద్దున ట్రాలీ ఆటో వచ్చేసింది. మెకానిక్ కూడా వచ్చాడు. డిస్కు మీద ఉన్నదంతా చెరిపి, దాని మీద మళ్ళీ మళ్ళీ వేరేది రాసి, ఎవరూ తవ్వి తీయకుండా చేయడానికి నాలుగు గంటలు పడుతుందన్నాడు.

"నాలుగు గంటలా? ఆటో గేటు దగ్గరుంది" అన్నారు బాబాయి గారు. "పైగా ఆ బటన్లన్నీ నేను కూర్చుని ఒక్కో అక్షరం కొట్టా. అవి కూడా పోతాయా?"

"పోతాయి బాబాయి గారూ. పోవాలి."

"ఎవడు చూస్తాడమ్మాయ్ రైతుల మొహాలు?"

ఆఫీసులో నేనెప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. "ఇవి మన దగ్గర నమ్మి పెట్టిన కాగితాలండీ. టిక్కీ ఒకటి తక్కువొస్తే మనం ఊరుకుంటామా? చెరపందే ఇది గేటు దాటదు."

ఆయన మొహం చిన్నబోయింది. పాపం అనిపించింది. పెద్దవాళ్ళను అలా అనకూడదు. అందుకే కొంచెం దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాను. "మీ జాతకం కూడా ఇందులో ఉందండీ. ఆరుసార్లు తీశారు."

బాబాయి గారు చుట్టూ చూశారు. మెకానిక్ తాడు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"ఆరు కాదు, అయిదే" అన్నారు. తర్వాత గేటు వైపు కేకేశారు. "ఒరేయ్ ఆటో! సాయంత్రం రా!"

చెరపడం మొదలుపెట్టే ముందు నేను ఒక్క కాగితం తీసుకుంటానన్నాను. మెకానిక్ సరేనన్నాడు. జాబితాలో వెనక్కి వెళ్ళి ఆ రెండు పేజీలు నొక్కాను. ప్రింటర్ ఎప్పటిలా ముక్కు ఎగబీల్చి, అంచున ఎర్రటి గీతతో బయటికి తోసింది. అదే అది తీసిన ఆఖరి కాగితం.

కొత్త మెషిన్‌కు బటన్లు నేను పెట్టాను. బంధుత్వాలు వద్దని మెకానిక్ చెప్పాడు. నా పేరు, ఇంటిపేరుతో సహా కొట్టాను. బాబాయి గారి పూర్తి పేరు ఏమిటని అడిగితే ఆయన సిగ్గుపడుతూ చెప్పారు. అన్నాళ్ళుగా పక్కన కూర్చున్నా నాకు తెలియదు. పాస్‌వర్డు ఆయన చెవిలో చెప్పాను. గంట తర్వాత ఆయన బల్ల మీద చిన్న చీటీ కనపడింది. చింపేశాను. మర్నాడు ఇంకోటి కనపడింది. అదీ చింపేశాను. ఇప్పుడు అప్‌డేట్ అని తెర మీద రాగానే, రైతులకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, ముందు అది పూర్తి చేస్తాను. అరగంట ఎవరూ ఏమీ అనుకోలేదు. నేనే అనవసరంగా భయపడ్డాను.

పాపకు మెషిన్లు వచ్చే నెల పెడతారు. అవి పెట్టాక నా గొంతు ఎలా వినపడుతుందో, నచ్చుతుందో లేదో అన్నది ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని కొత్త సంగతి. అందుకే ఈ వేళప్పుడు కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

పాత ప్రింటర్ గేటు దాటిన సాయంత్రమే కాగితం తెచ్చి అత్తయ్యకు ఇచ్చాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుంది. గీతల మీద వేలు పెట్టి, ఏది కుడి చెవి, ఏది ఎడమ చెవి అని అడిగింది. చెప్పాను. తర్వాత కాగితం పైభాగం వైపు వేలు తీసుకెళ్ళింది.

"ఇక్కడ ఏం రాశారు?"

"పాప పేరు."

"పేరేనా? ఇంకేం రాయలేదుగా?"

"పేరే అత్తయ్యా. పక్కన మన ఇంటిపేరు."

ఆ అక్షరాల మీద రెండుసార్లు వేలు నడిపింది. పేరు పైకి కనపడేలా కాగితాన్ని మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసింది. వచ్చి మంచం పట్టె మీద అరచేత్తో కొట్టింది. పాప తిరిగింది. అప్పుడు, పాప కళ్ళు తన పెదాల మీద ఉండగా, అత్తయ్య దాన్ని పేరు పెట్టి పిలిచింది.